బువ్వ బెల్లు తర్వాత తొమ్మిదో తరగతి: గది కుదుటపడేదెట్లా?

దేవరకొండ జీవశాస్త్రం | శుక్రవారం సాయంత్రం 6:40
అందరికీ నమస్కారం. జడ్పీ హైస్కూల్, తొమ్మిదో తరగతి, హాజరు పట్టీలో 54 మంది. నా పీరియడ్ మధ్యాహ్న భోజనం అయిన వెంటనే. 45 నిమిషాల్లో పాఠం మొదలయ్యేసరికే 12 నిమిషాలు పోతున్నాయి. ప్రశ్న అడిగితే ముందు రెండు బెంచీల వాళ్లు కోరస్‌గా జవాబు చెప్తారు, మిగతా గదిదంతా సొంత ముచ్చట. వెనక నలుగురు అబ్బాయిలు పాఠం మధ్యలో కామెంట్లు వేస్తారు, పేర్లు పెట్టి పిలుస్తారు. ఆడపిల్లల్లో సగం మంది నోరు విప్పరు. కొట్టకూడదు, తిట్టకూడదు అని గట్టిగా అనుకున్నాను. మరి సోమవారం నుంచి గదిలో వరుసగా ఏమేం చేయాలో చెప్పండి. పిల్లలను ప్రేమించమనే మాట ఎటూ ఒప్పుకుంటాను, నాకు కావలసింది చేసే పని.

పాలమూరు లెక్కల సారు | శుక్రవారం రాత్రి 7:25
మేడం, మందుకన్నా ముందు కొలత. రోజుకు 12 నిమిషాలంటే వారానికి ఆరు పీరియడ్లకు 72 నిమిషాలు, అంటే ఒకటిన్నర పీరియడ్ పైనే. ఆ 12 నిమిషాలు ఎక్కడెక్కడ పోతున్నాయో మూడు రోజులు గడియారం చూసి రాయండి. బెల్లు కొట్టాక సగం మంది లోపలికి వచ్చేందుకు ఎంత, చివరి పిల్లవాడు వచ్చేందుకు ఎంత, హాజరుకు ఎంత, పుస్తకాలు బయటికి తీసేందుకు ఎంత.

భోజనం తర్వాతి పీరియడ్ కాబట్టి నా అనుమానం పళ్లేలు కడిగే కాడ ఉంది. ఉదాహరణకు లెక్క చూడండి. బడిలో 240 మంది, నల్లాలు 6 అనుకుందాం, ఒక పళ్లెం కడిగేందుకు 40 సెకన్లు. 240ని 40తో గుణించి 6తో భాగిస్తే 1600 సెకన్లు, దాదాపు 27 నిమిషాలు. అందరూ ఒకేసారి తినడం మొదలుపెడితే చివరి పిల్లలు బెల్లు కొట్టాక రావడం ఖాయం. అది అల్లరి కాదు, క్యూ. తొమ్మిది, పది తరగతులు కడిగే వరుసలో చివర ఉంటాయి కాబట్టి దెబ్బ వాళ్లకే తగులుతుంది. రెండు పెద్ద టబ్బులు పెట్టి, ఒకదాంట్లో మిగిలిన మెతుకులు దులిపి, రెండోదాంట్లో ఒకసారి ముంచి నల్లా దగ్గరికి పోతే పళ్లేనికి 15 సెకన్లు చాలు. అప్పుడు అదే లెక్క 10 నిమిషాలకు వస్తుంది. రెండో టబ్బు నీళ్లు ప్రతి 40 పళ్లేలకు మార్చాలి, లేకుంటే జిడ్డు పట్టి పిల్లలు దాన్ని వదిలేస్తారు.

ఇక గది. బెల్లుకు ముందే మీరు గుమ్మంలో నిలబడాలి, బోర్డు మీద పని రాసి ఉండాలి. మూడు ప్రశ్నలు, నాలుగు నిమిషాలు. రెండు నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారంది. మీ సబ్జెక్టులో అయితే "మొక్క కణంలో ఉండి జంతు కణంలో లేని రెండు భాగాలు రాయండి" లాంటిది. చదివి రాసేయగలగాలి, అడగాల్సిన అవసరం రాకూడదు. ఒక్క ప్రశ్న కష్టంగా ఉన్నా పక్కవాణ్ణి అడుగుతారు, అక్కడే గోల మొదలు. నాలుగు నిమిషాలు కాగానే జవాబులు మీరే చెప్పండి, ఎవరిది వాళ్లు దిద్దుకోవాలి. దిద్దించకుండా రెండు రోజులు వదిలేస్తే మూడో రోజు ఎవరూ రాయరు. ఈ పద్ధతి ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

ఆ నాలుగు నిమిషాల్లోనే హాజరు. 54 పేర్లు పిలిస్తే ఒక్కో పేరుకు 3 సెకన్లనుకున్నా దాదాపు మూడు నిమిషాలు. కూర్చునే చోట్ల పటం గీసి పెట్టుకుంటే ఖాళీ చోట్లు చూసి అర నిమిషంలో వేసేయొచ్చు.

ఎర్రసిరా | శుక్రవారం రాత్రి 8:02
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తున్న. బరిగె టేబుల్ మీద ఉంటే చాలు, కొట్టే పనే లేదు. భయం ఉన్న గదిలనే పాఠం నడుస్తది. ఈ వయసు పిల్లలకు మెత్తగ చెప్తే లోకువ అయితం. తల్లిదండ్రులే వచ్చి "సారూ, రెండు తగిలించుండ్రి" అని అడుగుతరు. పది పరీక్షల వేళ ఈ ప్రయోగాలు చేసేంత టైం ఎక్కడిది?

వనపర్తి సోషల్ | శుక్రవారం రాత్రి 8:31
సార్, మీ సర్వీసు మీద గౌరవంతోనే చెప్తున్నాను.

మొదట చట్టం. విద్యా హక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య. ఆ చట్టం 14 ఏళ్లలోపు వాళ్లకే కదా, తొమ్మిది పదికి వర్తించదనుకోవడం పొరపాటు. బాలల న్యాయ చట్టం 2015లో 75వ సెక్షన్ 18 ఏళ్లలోపు అందరికీ వర్తిస్తుంది. తన సంరక్షణలో ఉన్న పిల్లలను కొట్టినా, అనవసరంగా శరీరానికో మనసుకో బాధ కలిగించినా మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం "కొట్టడం కాదు కదా" అనుకోవడానికి వీల్లేదు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోదు.

ఇక గది సంగతి. బరిగె ఉన్నంతసేపే ఆ నిశ్శబ్దం. ఆ సారు పోయి వేరే మేడం రాగానే అణచుకున్న గోలంతా ఆమె పీరియడ్‌లో బయటపడుతుంది. రెండోది, 14 ఏళ్ల పిల్లవాడికి నలుగురి ముందు దెబ్బ తినడం కొన్నిసార్లు బిరుదు లాంటిది. "సారు కొట్టినా ఏడ్వలే" అని వారం రోజులు చెప్పుకుంటాడు. మూడోది నాకు అన్నిటికన్నా పెద్దదిగా అనిపిస్తుంది. భయపడే పిల్లలు తెలియనిది తెలియదని చెప్పరు. తప్పు జవాబు వినపడకపోతే ఎక్కడ మళ్లీ చెప్పాలో మనకు తెలియదు.

మెత్తగా ఉంటే లోకువ అవుతామన్న మాటలో మాత్రం నిజం ఉంది. కాకపోతే లోకువ అయ్యేది మెత్తదనం వల్ల కాదు, సోమవారం ఒప్పుకున్నదాన్ని మంగళవారం తప్పనడం వల్ల.

మిర్యాలగూడ తెలుగు మేడం | శుక్రవారం రాత్రి 9:10
మాట గురించి రాస్తాను, ఎందుకంటే గోలలో సగం మన మాట తీరు వల్ల వస్తుంది.

గోల మీద గొంతు పెంచి మాట్లాడితే వాళ్లూ పెంచుతారు. గది మధ్యకు కాదు, ప్రతిరోజూ ఒకే చోటికి వచ్చి నిలబడండి. చెయ్యి పైకెత్తండి. మీ చెయ్యి చూసినవాళ్లు తామూ ఎత్తి మాట ఆపాలి. అంతా ఆగేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు. మొదటి రోజు 40 సెకన్లు పడుతుంది, ఆ 40 సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అయినా ఓపిక పట్టాలి. నలుగురు ఇంకా మాట్లాడుతుండగానే పాఠం మొదలుపెట్టారంటే ఆ సైగకు విలువ పోయినట్టే.

చెప్పే పని కూడా చేయదగ్గదిగా ఉండాలి. "అల్లరి చేయకండి", "సక్కగ కూర్చోండ్రి" అంటే ఏం చేయాలో తెలియదు. "పెన్నులు కింద పెట్టండి" అని ఆగండి. అందరూ పెట్టాక "42వ పేజీ తీయండి" అని ఆగండి. మూడు పనులు ఒక్క ఊపిరిలో చెప్తే మొదటిది మాత్రమే జరుగుతుంది, మిగతా రెండూ పక్కవాణ్ణి అడుగుతారు.

"అర్థమైందా?" అనే ప్రశ్నను మానేయండి. దానికి "అయ్యింది మేడం" తప్ప ఇంకో జవాబు ఉండదు. ప్రశ్న వేసి, మనసులో మూడు లెక్కపెట్టి, అప్పుడు ఒకరి పేరు పిలవండి. పేరు ముందు పిలిచి ప్రశ్న తర్వాత వేస్తే మిగతా 53 మంది చల్లగా ఊపిరి పీల్చుకుంటారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో గదుల్లో రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న తర్వాత ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మీ ఆడపిల్లల సంగతికి ఇదే మొదటి మందు. రెండోది, ముందు పక్కవారితో ఒక నిమిషం చెప్పుకోనిచ్చి తర్వాత అడగండి. నోటితో ఒకసారి అనుకున్న మాటను అందరి ముందు అనడం తేలిక.

కోరస్ ఆపాలంటే ఒకటే దారి. కోరస్‌గా వచ్చిన జవాబు సరైనదైనా తీసుకోకండి. "చెయ్యెత్తినవాళ్లనే అడుగుతా" అని మీరే చెప్పి, మీరే కోరస్ జవాబుకు "కరెక్ట్" అంటే వాళ్లు నేర్చుకునేది మీరు చేసినదాన్నే.

నాగర్‌కర్నూల్ పీఈటీ | శుక్రవారం రాత్రి 9:48
ఒక్క విన్నపం. గోల చేసిండ్రని ఆటల పీరియడ్ బంద్ పెట్టకుండ్రి. గోల చేసేది నలుగురు, శిక్ష 54 మందికి. ఆ 50 మంది కోపం ఆ నలుగురి మీద కాదు, మన మీదికి వస్తది. పైగా ఒళ్లు కదలక కుదురుగ కూర్చోలేని పిల్లలకే ఆట ఎక్కువ అవసరం. బువ్వ తర్వాతి పీరియడ్‌ల నడుమ ఒకసారి, 20వ నిమిషం దగ్గర అందరినీ నిలబెట్టి పటం గీయించుండ్రి, లేకుంటే లేచి జతగాడిని మార్చుకోమనుండ్రి. ఒక్క నిమిషం చాలు, నిద్ర మత్తు దిగుతది.

గద్వాల ఫిజిక్స్ | శనివారం ఉదయం 6:15
వెనక నలుగురి విషయం. మెట్లు మెట్లుగా పోవాలి, పై మెట్టుకు ఎగరొద్దు.

1. పాఠం ఆపకుండానే నడుచుకుంటూ వాళ్ల బెంచీ పక్కకు వెళ్లి నిలబడి అక్కణ్ణుంచే చెప్పండి. చాలాసార్లు ఇక్కడితోనే ఆగిపోతుంది. దీనికోసం వరుసల మధ్య మీరు నడిచేంత దారి ఉండాలి, సంచులు బెంచీ కిందకు పోవాలి.
2. ఆగకపోతే నోట్‌బుక్ మీద వేలు పెట్టి చూపండి. మాట వద్దు.
3. వంగి, వాడికి మాత్రమే వినిపించేంత గొంతుతో పేరు, చేయాల్సిన పని చెప్పండి. "పటం గీయి, రెండు నిమిషాల్లో వచ్చి చూస్తా." చెప్పి వెంటనే పక్కకు వెళ్లిపోవాలి. అక్కడే నిలబడి చూస్తూ ఉంటే లొంగినట్టు కనిపించకూడదని వాడు చేయడు.
4. ఇంకా అంతే అయితే రెండు దారులు ఇవ్వండి. "ఇక్కడే కూర్చుని పని చేస్తవా, ముందు బెంచీకి వస్తవా, నువ్వే చెప్పు." రెండూ మీకు సమ్మతమైనవే అయి ఉండాలి. "బయటికి పోతవా?" అనేది దారి కింద పెట్టకండి, పోతానంటాడు.
5. పీరియడ్ అయ్యాక రెండు నిమిషాలు, ఒంటరిగా, తలుపు తెరిచి ఉంచి మాట్లాడాలి.
6. అప్పుడు రిజిస్టర్‌లో రాయడం, క్లాస్ టీచర్‌కు, ఇంటికి చెప్పడం.

నలుగురి ముందు వాదనకు దిగితే మన మాట సరైనదైనా ఓడిపోతాం. వాడు మాట్లాడేది మనతో కాదు, వెనక చూస్తున్న ముగ్గురితో. "నేనేం చేయలే, వాడే అన్నడు" అంటే "సరే, అది బెల్లు తర్వాత మాట్లాడుదాం. ఇప్పుడు మూడో ప్రశ్న" అని తిరిగిపోండి. చివరి మాట మనదే కావాలన్న పట్టుదల వదిలేయాలి. గొణుక్కుంటూ అయినా పెన్ను పట్టాడంటే మన పని అయినట్టే.

బెల్లు తర్వాత మాట్లాడేటప్పుడు "ఎందుకు చేసినవ్?" అని అడగకండి, జవాబు రాదు. "ఏం జరిగింది? దానివల్ల ఎవరికి ఏం ఇబ్బంది అయింది? రేపు నువ్వు ఏం చేస్తవు, నేనేం చేయాలె?" ఈ వరుసలో అడగండి. మధ్యలో ఉపదేశం పెట్టొద్దు.

గది బయట నిలబెట్టడం గురించి కూడా. ఆ పీరియడ్‌లో పిల్లవాడి బాధ్యత మనదే. వాడు గోడ దూకి రోడ్డు మీదికి పోతే జవాబు చెప్పాల్సింది మనమే. హెచ్ఎం గదికి పంపడం కూడా అంతే, నెలకు ఒకసారి పంపితే పని చేస్తుంది. వారానికి మూడుసార్లు పంపితే హెచ్ఎం గది వాడికి ఇంకో ఇంటర్వెల్.

దేవరకొండ జీవశాస్త్రం | శనివారం ఉదయం 7:50
చాలా ఉపయోగంగా ఉంది. రెండు అనుమానాలు. క్లాస్ లీడర్‌తో మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించే పద్ధతి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది, ఉంచాలా తీసేయాలా? ఎఫ్‌ఏ (ఏడాది నడుమ బడిలోనే జరిగే మదింపు) మార్కులు తగ్గిస్తానని చెప్పొచ్చా?

వనపర్తి సోషల్ | శనివారం ఉదయం 8:20
పేర్లు రాయించడం తీసేయండి. లీడర్ పిల్లవాడే కదా. స్నేహితుల పేర్లు రాయడు, రాసిన పేరు తుడిపేందుకు పెన్నో రబ్బరో ఇస్తారు, రాసి తుడవకపోతే సాయంత్రం బస్టాండు దగ్గర వాడికి దెబ్బలు. ఊరి తగాదాలు, కులం, ఆ గల్లీ ఈ గల్లీ, అన్నీ బోర్డు మీదికి వచ్చేస్తాయి. ఇంకో నష్టం, మాట్లాడని పిల్లవాడి పేరు ఒకసారి ఎక్కిందంటే ఇక వాడు మాట్లాడకుండా ఉండి ప్రయోజనం ఏముందనుకుంటాడు.

లీడర్ పదవి ఒక్కటే కాకుండా ఆరు పనులు చేయండి: బోర్డు తుడవడం, నోట్‌బుక్కులు పంచడం, తిరిగి తీసుకోవడం, గైర్హాజరైనవాళ్లకు ఇంటిపని రాసి ఉంచడం, నీళ్ల క్యాను, ప్రయోగ సామాను. రెండు వారాలకు ఒకసారి మార్చండి. వెనక నలుగురిలో ఇద్దరికి మొదటి విడతలోనే పని ఇవ్వండి, బతిమాలినట్టు కాకుండా మామూలు వరుసలో.

ఎఫ్‌ఏ మార్కులు చదువుకు, ప్రాజెక్టుకు, రాతపనికి. అల్లరికి కోస్తే ఆ మార్కు దేన్ని కొలుస్తుందో ఎవరికీ తెలియదు. బెదిరించి కోయకపోతే మీ మాట పోతుంది, కోస్తే అన్యాయం.

మునుగోడు ఇంగ్లిష్ | శనివారం ఉదయం 10:05
ఇంతవరకు అందరూ ఏం చేయాలో చెప్పారు. ఆ నలుగురు ఎందుకు చేస్తున్నారో చూడకుండా ఈ మెట్లన్నీ ఎక్కినా మళ్లీ మొదటికే వస్తారు. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: అల్లరికి ముందు గదిలో ఏం జరుగుతోంది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత వాడికి ఏం దక్కింది. ఐదారు సార్లు రాస్తే వరుస కనిపిస్తుంది.

చాలా తరచుగా కనిపించేది ఇది. ఒకరి తర్వాత ఒకరు పాఠం చదివే వరుస వెనక బెంచీకి చేరబోతుండగా కామెంటు వస్తుంది. టీచర్ కోప్పడతారు, చదవడం వాడి దాకా రాదు. వాడికి కావాల్సింది అదే, ఎందుకంటే వాడికి చదవడం రాదు. అల్లరివాడు అనిపించుకోవడం రానివాడు అనిపించుకోవడం కన్నా నయం. దీన్ని తేల్చేందుకు మూడో తరగతి తెలుగు పుస్తకంలోంచి అరవై మాటల పేరా తీసుకుని, ఒంటరిగా, వరండాలో, రెండు నిమిషాలు చదివించండి. తడబడితే అందరి ముందు చదవమనకండి. ముందు రోజే ఒక వాక్యం ఇచ్చి, రేపు ఇది నువ్వు చదువుతావని చెప్పండి.

మన ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు. తండా నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో మాట లంబాడీ. అంటే వాడికి రెండు పక్కలా పరాయి భాషే. వాడు నిశ్శబ్దంగా ఉంటే బుద్ధిమంతుడు అంటాం, మాట్లాడితే అల్లరి అంటాం, పాఠం అందలేదన్నది రెండు చోట్లా కనపడదు.

కళ్లు కూడా చూడండి. వెనక బెంచీలో మీరే కూర్చుని బోర్డు చదవండి. అక్షరం చిన్నదైతే అక్కడికి ఆనదు. కిటికీ వెలుగు పడే పక్క బోర్డు మెరుస్తుంది, ఆ మూల అసలు కనిపించదు. పక్కవాడి నోట్‌బుక్ చూసి రాసుకునే పిల్లవాణ్ణి "ముచ్చట పెడుతున్నడు" అనుకుంటాం.

ఇక పేర్లు పెట్టి పిలవడం. మా దిక్కు పండ్ల మీద గోధుమ రంగు మచ్చలున్న పిల్లలను ఏం పిలుస్తారో అందరికీ తెలుసు. అట్లాంటి పిల్ల నోరు విప్పకపోవడం సిగ్గుతో. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఆ మచ్చలు పడతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని పరిమితి. ఎంత తోమినా పోవు, అది శుభ్రం సంగతి కాదు. మీది జీవశాస్త్రమే కాబట్టి ఇది పాఠంగా చెప్పండి, కానీ ఏ పిల్లనూ ఉదాహరణగా చూపొద్దు. ఎగతాళి చేసినవాణ్ణి వేరుగా పిలిచి, "ఆ పేరు ఈ గదిలో మళ్లీ వినపడొద్దు" అని ఒక్క వాక్యంలో చెప్పండి. ఇద్దరినీ నిలబెట్టి క్షమాపణ చెప్పించకండి. ఆ పిల్లకు అది రెండో అవమానం. మాట్లాడించాలంటే మొదట చిన్న గుంపులో, కూర్చున్న చోటే.

పాలమూరు లెక్కల సారు | శనివారం మధ్యాహ్నం 1:30
మునుగోడు మేడం చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. మా జిల్లాల్లో క్యాలెండర్ కూడా చూడాలి. వానాకాలం నడిమిట్ల గద్వాల వైపు సీడుపత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని), దసరా తర్వాత పత్తి ఏరుడు. పొద్దున చేన్లో పని చేసి వచ్చిన పిల్ల బువ్వ తిన్నాక తల బల్ల మీద పెడితే అది మర్యాద తప్పడం కాదు. అమ్మానాన్నలు పుణె, ముంబై, హైదరాబాద్‌కు వలస పోయి, అవ్వ దగ్గర ఉండే పిల్లలుంటారు. పండక్కి వచ్చిన తల్లి తిరిగి పోయిన వారంలో ఆ పిల్లల తీరు మారుతుంది. హాజరు పట్టీ చివర మీకు మాత్రమే తెలిసే చిన్న గుర్తు పెట్టుకుంటే ఆ వారం ఏ మెట్టు దగ్గర ఆగాలో తెలుస్తుంది.

పది రోజులు బడికి రాక తిరిగి వచ్చిన పిల్లవాణ్ణి "ఇన్ని రోజులు ఏడికి పోయినవ్ రా" అని గుమ్మంలోనే అడిగితే ఆ రోజంతా పోయినట్టే. రాయాల్సిన పాఠాలు మూడు పేజీలకు కుదించి చేతికివ్వండి, కారణం తర్వాత కనుక్కోవచ్చు.

మిర్యాలగూడ తెలుగు మేడం | శనివారం మధ్యాహ్నం 2:45
ఇంటికి చెప్పడం గురించి ఎవరూ వివరంగా రాయలేదు. "రేపు మీ నాయనను తోల్కరా, అప్పటిదాకా రావొద్దు" అనేది మానాలి. కూలికి పోయే తండ్రికి బడికి రావడమంటే ఒక రోజు కూలి. ఆ కోపం పిల్లవాడి వీపు మీద పడుతుంది, లేదా పిల్లవాడు బడికే రాడు. ఎవరినో బాబాయి అని తీసుకొస్తారు కూడా.

ఫోన్ చేయండి, రాత్రి ఏడున్నర ఎనిమిది మధ్య, పని నుంచి వచ్చి అన్నం వండుకునే వేళ దాటాక. మొదటి ఫోన్ మంచి మాట కోసం చేయాలి. "అమ్మా, మీ బాబు ఇయ్యాల పటం బాగ గీసిండు, చెప్దామని చేసిన." అంతే, అర నిమిషం. రెండో ఫోన్ అల్లరి గురించి అయితే అప్పుడు మీ మాట వింటారు. బడి నుంచి ఫోన్ వస్తే గుండె దడపుట్టే ఇళ్లు మనవి. చెప్పేటప్పుడు "మీవాడు మంచోడు కాదు" అనకండి, చూసింది చెప్పండి: "ఈ వారం మూడు రోజులు నోట్‌బుక్ తేలేదు, పాఠం నడుమ లేచి తిరిగిండు." చివర అడగండి: "కొట్టకుండ్రి. రాత్రి పడుకునేముందు సంచిల నోట్‌బుక్ ఉందా అని ఒక్కసారి చూడుండ్రి చాలు." చదువురాని అవ్వ కూడా చేయగలిగే పని అడగాలి.

పొగడ్తకు కూడా ఇదే సూత్రం. "గుడ్, వెరీ గుడ్" గాలికి పోతుంది. "నిన్న మూడుసార్లు లేచినవ్, ఇయ్యాల ఒక్కసారి కూడా లేవలే" అంటే మీరు చూశారని వాడికి అర్థమవుతుంది. పెద్ద పిల్లలకు అందరి ముందు పొగడ్త ఇబ్బంది, నోట్‌బుక్ చివర ఒక్క గీత రాసి ఇవ్వండి.

ఎర్రసిరా | శనివారం సాయంత్రం 5:20
అన్నీ చదివిన. ఫోన్ మాట, చదువు రానోడు అల్లరి చేస్తడన్న మాట, రెండూ నిజమే, ఒప్పుకుంటున్న. ఒకటే అడుగుత. ఒక్క మేడం ఇట్ల చేసి, మిగిలిన ఆరుగురం మా పద్ధతిల మేము పోతే పిల్లలు ఎవరి మాట వినాలె?

గద్వాల ఫిజిక్స్ | శనివారం సాయంత్రం 6:05
సరైన ప్రశ్న సార్. అందరూ అన్నీ ఒకేలా చేయనక్కర్లేదు. స్టాఫ్ రూంలో కూర్చుని నాలుగింటి మీద మాత్రం ఒప్పుకుంటే చాలు: మాట ఆపే సైగ ఒకటే, కూర్చునే పటం ఒకటే (క్లాస్ టీచర్ గీసింది టేబుల్ సొరుగులో ఉంటుంది), బయటికి పోయేందుకు ఒక గదికి ఒకే చీటీ, ఫోన్ దొరికితే ఏం చేయాలన్నది ఒకటే. నాలుగు దాటితే ఎవరికీ గుర్తుండవు. చీటీ అట్టముక్కతో చేసి తలుపు పక్క మేకుకు తగిలించండి. అది అక్కడ లేదంటే ఒకరు బయట ఉన్నట్టు, ఇంకొకరు అడగాల్సిన పని లేదు.

ఫోన్ విషయంలో, లాక్కోవడం దగ్గరే గొడవలు జరుగుతాయి. పిల్లవాడి చేతిలోంచి గుంజొద్దు, జేబులు వెతకొద్దు. "స్విచాఫ్ చేసి కవర్లో పెట్టు" అని కవర్ ముందు పెట్టండి, వాడే పేరు రాసి పెట్టాలి. సాయంత్రం తల్లికో తండ్రికో ఫోన్ చేసి చెప్పి, బడి విడిచేటప్పుడు తిరిగివ్వాలి. మనం తెరిచి చూడకూడదు. అందులో ఆడపిల్లల ఫోటోలు తీసినట్టు తెలిస్తే అది క్రమశిక్షణ సంగతి కాదు. ఎవరినీ కూర్చోబెట్టి రాజీ చేయొద్దు, వెంటనే హెచ్ఎంకు చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం ఉన్నా ఫిర్యాదు చేయాల్సిందేనని పోక్సో చట్టం 2012 చెప్తోంది, 19వ సెక్షన్. పిల్లల సహాయానికి 1098 ఉంది.

గురుకులం రాత్రి బడి | శనివారం రాత్రి 8:40
గురుకులాల్లో వాళ్లకు ఒక్క మాట. మనకు ఇంటికి పోయే బెల్లు ఉండదు. పగలు గదిలో జరిగిన తగాదా రాత్రి స్టడీ అవర్‌కు, పడుకునే హాలుకు పోతుంది. కాబట్టి ఆ రెండు నిమిషాల మాట అదే రోజు, స్టడీ అవర్ ముందే అయిపోవాలి. రాత్రి డ్యూటీ టీచర్‌కు ఒక్క వాక్యం రాసి ఇవ్వండి: ఎవరికి ఎవరికి పడలేదు, ఎవరిని పక్కపక్కన కూర్చోబెట్టొద్దు.

దేవరకొండ జీవశాస్త్రం | ఆదివారం ఉదయం 9:15
ఇదంతా చదివి సోమవారానికి రాసుకున్నది: గుమ్మంలో నిలబడడం, బోర్డు మీద మూడు ప్రశ్నలు, చెయ్యెత్తే సైగ, కొత్త కూర్చునే పటం, ఆరు పనులు, కోరస్ ఆపడం, వెనక నలుగురిని వేర్వేరుగా కూర్చోబెట్టడం. ఏమైనా వదిలేశానా?

పాలమూరు లెక్కల సారు | ఆదివారం ఉదయం 9:50
వదిలేయలేదు మేడం, ఎక్కువ పెట్టుకున్నారు. ఒక్కరోజే అన్నీ మారిస్తే ఏ ఒక్కటీ నిలబడదు, నలుగురిని మొదటి రోజే విడదీస్తే యుద్ధం ప్రకటించినట్టు ఉంటుంది. ఈ వారం గుమ్మం, మూడు ప్రశ్నలు, సైగ. అంతే. సైగను సోమవారం రెండుసార్లు ఉట్టిగానే సాధన చేయించండి, ఎన్ని సెకన్లు పట్టిందో బోర్డు మూల రాయండి, మంగళవారం ఆ అంకె తగ్గించమనండి. కూర్చునే పటం వచ్చే సోమవారం, గది మొత్తానికి కలిపి మార్చండి, అప్పుడు ఆ నలుగురూ అందరితో పాటే మారతారు. నాలుగు మూలలకు నలుగురిని వేయకండి, అప్పుడు మాట గది ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఒకరి కళ్లల్లో ఒకరు పడకుండా ఒకే దిక్కుకు, రెండేసి వరుసల దూరంలో. ఆరు పనులు పటం కుదిరాక. కోరస్ సంగతి సైగతో పాటే సగం తగ్గుతుంది, మిగతాది తర్వాత చూడొచ్చు.

మునుగోడు ఇంగ్లిష్ | ఆదివారం ఉదయం 10:20
ఆ నలుగురిని వరండాలో చదివించే పని మాత్రం ఈ వారమే చేయండి, రోజుకు ఒకరు. పటం గీసేటప్పుడు ఎవరు ఎవరి పక్కన ఉండాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

పాలమూరు లెక్కల సారు | ఆదివారం ఉదయం 10:32
టబ్బుల సంగతి మరిచిపోకండి. వంట చేసే అక్కలతో సోమవారం ప్రార్థనకు ముందే మాట్లాడాలి, పదకొండు దాటితే వాళ్లకు చెయ్యి తీరిక ఉండదు.